ఆగడం నేర్చుకున్న చక్రం

ఖరగ్‌పూర్ పేరు వినగానే మనకు రైలు గుర్తుకొస్తుంది. ఆ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫారం ఎక్కడుంది అంటే విద్యార్థులు ఖరగ్‌పూర్ అనే జవాబు రాసేవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టింది. 19వ శతాబ్దం చివర కటకం మీదుగా విశాఖపట్నం వైపు లైను కలిశాక, శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువాళ్ళు ఎందరో ఆ పట్టాల వెంబడే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మికుల నాయకుడిగానే పేరు తెచ్చుకున్నారు. 1927లో జరిగిన ఖరగ్‌పూర్ సమ్మె కార్మికోద్యమ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం.

ఈ ఊరి శివార్లలోనే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. మన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణ భారత విద్యాసాగరుడని పిలిచేవారు. ఏ విద్యాసాగరుడితో పోల్చారో ఆ ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పుట్టింది అవిభక్త మిదునపూర్ జిల్లాలోనే. భారీ యంత్రాలు తయారయ్యే ఇలాంటి పారిశ్రామికవాడకు రోజూ పెద్ద లారీలతో పాటు చిన్న పికప్ బండ్లు కూడా వస్తూ పోతూ ఉంటాయి. కలకత్తా నుంచి విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది.

ఒక దృశ్యం ఊహించుకుందాం. రోడ్డు పక్క షెడ్డులో ఒక పికప్పును జాకీ మీద ఎత్తారు. ముందు చక్రం ఊడదీశారు. లోపల పళ్ళెంలాంటి ఇనప డిస్కు కనిపిస్తోంది. దాన్నే రోటరు అని కూడా అంటారు. డిస్కు అంచును పిడికిట్లో పట్టుకున్నట్టు ఒక కాలిపర్ ఉంది. దాని లోపల అటొకటి, ఇటొకటి రెండు ప్యాడ్లు. అవి అరిగి రేకు బయటపడింది. డిస్కు మీద గాళ్ళు పడ్డాయి. మెకానిక్ పాతవి తీసి కొత్తవి వేస్తాడు. రెండు మూడు గంటల పని. కాని ఆ చిన్న భాగాలు ఈ రూపానికి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళలో ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ కథ ఏమిటో చూద్దాం.

బ్రేకు చేసే అసలు పని

బ్రేకు బండిని ఆపుతుందని అందరికీ తెలుసు. కాని ఆగిపోయిన బండి వేగం ఎక్కడికి పోయింది? శక్తి నశించదని మీరు చదువుకున్నారు గదా! మరి ఆ శక్తి ఏమైంది?

చిన్న లెక్క చేద్దాం. సరుకుతో కలిపి 2,500 కిలోల బరువున్న పికప్పు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి వస్తుంది. 1,250ని 400తో గుణిస్తే 5,00,000 జౌళ్ళు. మామూలుగా ఉన్న నీళ్ళను లీటరున్నర దాకా మరిగించడానికి ఈ శక్తి చాలు. బండి ఆగే నాలుగైదు సెకన్లలో ఇదంతా దాదాపుగా వేడిగా మారిపోతుంది. వేగం సగమైతే ఈ వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది.

బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. బండి బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. అందువల్ల ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే. ఆ భాగం 70 శాతమనీ, ముందున్న రెండు డిస్కులు ఒక్కొక్కటి 8 కిలోలనీ అనుకుంటే, ఒక్కసారి ఆపడంతోనే ప్రతి డిస్కూ దాదాపు 48 డిగ్రీలు వేడెక్కుతుంది. అరకు ఘాట్ రోడ్డు దిగుతూ, డిస్కు చల్లారేలోపే మళ్ళీ మళ్ళీ బ్రేకు తొక్కితే ఏమవుతుందో మీరే ఊహించండి.

అంటే బ్రేకు కనిపెట్టేవాళ్ళ ముందు ఎప్పుడూ మూడు ప్రశ్నలుండేవి. వేడిని ఎక్కడికి పంపాలి? మనిషి బలాన్ని చక్రం దాకా ఎలా చేర్చాలి? మధ్యలో ఏదైనా తెగిపోతే బండి ఆగుతుందా, పోతుందా? వీటిలో చివరి ప్రశ్నకు సరైన జవాబు మొదట రైళ్ళ నుంచే వచ్చింది.

అర్మా నేర్పిన పాఠం

తొలినాటి రైళ్ళలో ఇంజనుకూ, గార్డు పెట్టెకూ, మరి కొన్ని పెట్టెలకూ మాత్రమే చేతి బ్రేకులుండేవి. డ్రైవరు కూత వేస్తే బ్రేక్‌మన్లు చక్రాలు తిప్పి బ్రేకులు బిగించేవారు. అమెరికాలో గూడ్సు పెట్టెల పైకప్పుల మీద, కదిలే రైల్లో ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు దూకుతూ ఈ పని చేసేవారు. వానలో, మంచులో జారి పడి చచ్చిపోయినవాళ్ళు ఎందరో!

1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ అనే అమెరికన్ యువకుడు గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంజను నుంచి రైలు పొడవునా గొట్టం వేసి, అదిమిన గాలిని పంపి అన్ని పెట్టెల బ్రేకులనూ ఒక్కసారే వెయ్యడం అతని పద్ధతి. అయితే అందులో ఒక లోపం ఉంది. గొట్టం తెగితే గాలి బయటికి పోతుంది, బ్రేకు పనిచెయ్యదు. కొద్ది యేళ్ళలోనే అతను దాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి తగ్గితే అవే పడతాయి. ఇక గొట్టం తెగినా, రైలు రెండుగా విడిపోయినా రైలు ఆగుతుంది.

ఈ తేడా ఎంత విలువైనదో 1889 జూన్ 12న ఐర్లండులోని అర్మా పట్టణం దగ్గర తెలిసింది. ఆదివారపు బడి పిల్లలను, వాళ్ళ పెద్దలను విహారానికి తీసుకుపోతున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేసి, ముందు భాగాన్ని పైకి చేర్చి రావాలనుకున్నారు. ఆ రైలుకు శూన్య బ్రేకు ఉంది. కాని అది తనంతట తాను పడే రకం కాదు. గొట్టం విప్పగానే వెనక పది పెట్టెలకూ ఆ బ్రేకు పోయింది. గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళు మాత్రమే మిగిలాయి. ముందు భాగం కదలబోతూ కాస్త వెనక్కి జరిగి ఆ పెట్టెలను తాకింది. రాళ్ళు నలిగిపోయాయి. పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి, వెనక వస్తున్న మరో రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది పిల్లలు.

తనంతట తాను పడే బ్రేకు అప్పటికి కొత్త విషయం కాదు. ఖర్చని కొన్ని కంపెనీలు వాయిదా వేస్తూ వచ్చాయి. అర్మా తర్వాత అదే యేడు బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ప్రయాణికుల రైళ్ళన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది.

మన దేశంలో చాలాకాలం నడిచింది తనంతట తాను పడే శూన్య బ్రేకు. గొట్టంలో శూన్యం ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది. గాలి లోపలికి చొరబడితే పడుతుంది. దీనికి ఒక హద్దుంది. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. శూన్యం ఎంత బాగా చేసినా అంతకు మించిన ఒత్తిడి రాదు. గాలి బ్రేకు గొట్టంలోనైతే 5 కిలోల పీడనం ఉంచవచ్చు. బరువైన, పొడవైన రైళ్ళు వచ్చేకొద్దీ 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మన రైల్వేలు గాలి బ్రేకులకు మారాయి. రైలు పెట్టెలో గొలుసు లాగితే రైలెందుకు ఆగుతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. గొలుసు ఆ గొట్టానికి చిన్న చిల్లు తెరుస్తుంది, అంతే!

రోడ్డు మీద డ్రమ్ము రాజ్యం

మోటారు బండ్లు వచ్చేసరికి సమస్య మరో రకంగా ఎదురైంది. గుర్రపు బండ్లకు చక్రం అంచుకు చెక్క దిమ్మ ఒత్తిపట్టే బ్రేకు సరిపోయేది. మోటారు బండికి రబ్బరు టైరు రావడంతో ఆ దారి మూసుకుపోయింది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు రూపమిచ్చాడు. చక్రంతోపాటు తిరిగే డోలు లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు విచ్చుకొని డోలు గోడను ఒత్తుతాయి. తిరిగే డోలే ఒక షూను తనవైపు లాక్కుంటుంది కాబట్టి తక్కువ బలంతో బ్రేకు గట్టిగా పడుతుంది.

కాలి బలం చక్రం దాకా పోవడానికి మొదట్లో కడ్డీలు, తీగలు వాడేవారు. ఒక తీగ బిగుతుగా, మరో తీగ వదులుగా ఉంటే బండి ఒక పక్కకు లాగేది. మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికన్ ద్రవ బ్రేకును రూపొందించాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులతో వచ్చింది. మూసి ఉంచిన ద్రవం మీద ఒక చోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. పెడల్ దగ్గర చిన్న పిస్టను, చక్రం దగ్గర పెద్ద పిస్టను ఉంటే బలం అన్ని రెట్లు పెరుగుతుంది.

డ్రమ్ముకు మాత్రం ఒక జబ్బు ఉంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచిస్తుంది. డోలు పెద్దదై షూల నుంచి దూరం జరుగుతుంది. వేడి లోపలే చిక్కుకుంటుంది. పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గిపోతుంది. బ్రేకు అవసరం ఎక్కువైనప్పుడే అది బలహీనపడడం డ్రమ్ములోని అసలు ప్రమాదం. అయినా కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్ కారు దశాబ్దాల పాటు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే దేశమంతా తిరిగింది.

అర శతాబ్దం ఆగిన డిస్కు

చిత్రమేమిటంటే డ్రమ్ము వచ్చిన 1902లోనే, ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. బయట గాలిలో తిరిగే పళ్ళేన్ని రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకోవడం ఆయన ఊహ. డిస్కు వేడెక్కి మందమైతే ప్యాడ్లకు ఇంకా దగ్గరవుతుంది తప్ప దూరం పోదు. వేడి నేరుగా గాలికి పోతుంది. మరి ఇంత మంచి ఊహ అర శతాబ్దం ఎందుకు మూలనపడింది?

ఆయన వాడిన ప్యాడ్లు రాగివి. లోహం లోహాన్ని రాసుకుంటే పుట్టే కీచుమనే చప్పుడు భరించలేనిది. అప్పటి రోడ్ల దుమ్ముకు అవి తొందరగా అరిగిపోయేవి. పైగా డిస్కుకు డ్రమ్ములాగా తనంతట తాను బిగుసుకునే గుణం లేదు. కాలితో చాలా బలంగా తొక్కాలి. అంటే మంచి ప్యాడూ, బలాన్ని పెంచే సాధనమూ వచ్చేదాకా అది ఆగవలసి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి బరువైన విమానాలు నేల మీద ఆగడానికి డిస్కులు అవసరమయ్యాయి. ఆ అనుభవంతో డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ కంపెనీ కలిసి రేసు కార్లకు డిస్కులు అమర్చాయి. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో డిస్కులున్న జాగ్వార్ గెలిచింది. సగటు వేగం గంటకు దాదాపు 170 కిలోమీటర్లు. మిగతావాళ్ళు మలుపుకు చాలా ముందే బ్రేకు వెయ్యవలసివస్తే, జాగ్వార్ డ్రైవర్లు మలుపు దగ్గరిదాకా వేగంగా పోగలిగారు. బాగా ఆగగలిగిన కారే పందెం గెలిచింది! 1955లో సిత్రోయెన్ డి.ఎస్. కారుతో డిస్కులు మామూలు జనం చేతికీ వచ్చాయి.

బలాన్ని పెంచే సాధనం కూడా సిద్ధమైంది. దాని పేరు బూస్టరు. ఒక పొర, దానికి ఒకవైపు శూన్యం, మరోవైపు వాతావరణ పీడనం. మన రైళ్ళు వదిలిపెట్టిన శూన్యమే ఇక్కడ పికప్ డ్రైవరు కాలికి తోడు నిలుస్తోంది. ఇంజను ఆపిన బండిలో రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా గట్టిపడడం చూశారా? నిలవ ఉన్న శూన్యం అయిపోయిందన్నమాట.

రైళ్ళు కూడా చివరికి డిస్కు దగ్గరికే వచ్చాయి. పాత పెట్టెల్లో బ్రేకు దిమ్మ చక్రాన్నే ఒత్తేది. నడిచే చక్రమే వేడినీ భరించాలి. 2000 ప్రాంతంలో మన దేశానికి వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టెల్లో ఇరుసు మీద విడిగా డిస్కులుంటాయి. నడవడం చక్రం వంతు, వేడెక్కడం డిస్కు వంతు.

రాతినార పగ తీర్చుకుంది

ప్యాడు కథ మాత్రం అంత సంతోషంగా లేదు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 19వ శతాబ్దం చివర్లో గుర్రపు బండ్ల కోసం మెరుగైన బ్రేకు దిమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. మోటారు బండ్ల వేడికి పత్తి, తోలు కాలిపోయేవి. దాంతో ఆస్బెస్టాస్ వైపు చూశారు. తెలుగులో దీన్ని రాతినార అంటాం. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఇది దొరుకుతుంది. నిప్పుకు కాలదు, నారలా అల్లవచ్చు, చవక. దశాబ్దాల పాటు ప్రపంచంలోని బ్రేకు లైనర్లన్నీ దాదాపు దీనితోనే తయారయ్యాయి.

కాని ప్యాడు అరగడమంటే పొడి కావడమే గదా! ఆ పొడిలోని సన్నని నారలు ఊపిరితిత్తుల్లో దిగబడితే బయటికి రావు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బూ, క్యాన్సరూ ఇరవై ముప్ఫై యేళ్ళ తర్వాత బయటపడతాయి. రాతినార ఫ్యాక్టరీ కార్మికుల జబ్బు గురించి బ్రిటన్ వైద్యులు 1920ల్లోనే రాశారు. అయినా దాన్ని ఆ దేశం పూర్తిగా నిషేధించింది 1999లో! అర్మాలో జరిగినట్టే ఇక్కడా ప్రమాదం తెలిసిన రోజుకూ, చట్టం వచ్చిన రోజుకూ మధ్య మనుషులు చనిపోతూ వచ్చారు.

ఇప్పటి ప్యాడ్లలో ఉక్కు నార, గాజు నార, పింగాణీ పదార్థాలు, కృత్రిమ నారలు వాడుతున్నారు. అయితే పాత బండిలో ఏ రకం లైనరుందో కంటితో చూసి చెప్పలేం. అందుకే బ్రేకు పొడిని నోటితోగాని, కంప్రెసరు గాలితోగాని ఊదకూడదు. తడిపి తుడవాలి.

మళ్ళీ షెడ్డు దగ్గరికి

ఇప్పుడు ఆ పికప్పు దగ్గరికి వద్దాం. మెకానిక్ చేసే ప్రతి పనిలోనూ ఈ చరిత్ర కనిపిస్తుంది.

బండిని చదునైన నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెడతాడు. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తుతాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెడతాడు. అర్మాలో నలిగిన రాళ్ళను తలుచుకుంటే ఎందుకో తెలుస్తుంది. ఒక్క ఆధారం చాలదు.

కాలిపర్ విప్పి దాన్ని తీగతో పైకి కడతాడు. రబ్బరు గొట్టానికి వేలాడదియ్యడు. పాస్కల్ సూత్రం పనిచెయ్యాలంటే ఆ గొట్టంలో చీలిక ఉండకూడదు. పాత డిస్కు మందాన్ని కొలుస్తాడు. ఇంతకంటె పలచబడితే వాడరాదన్న కొలత చాలా డిస్కుల మీదే అచ్చువేసి ఉంటుంది. పలచని డిస్కులో ఇనుము తక్కువ, కాబట్టి అంతే వేడికి ఇంకా ఎక్కువ కాగుతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను శుభ్రంగా తుడుస్తాడు. ఎడమవైపు మార్చినవాడు కుడివైపు కూడా మారుస్తాడు. లేకపోతే తీగల బ్రేకుల కాలంలాగే బండి ఒక పక్కకు లాగుతుంది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ను లోపలికి నెట్టాలి. అప్పుడు పైన డబ్బాలో బ్రేకు ఆయిలు పొంగకుండా చూడాలి. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం అణగదు గాని ఆవిరి అణుగుతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పడదు. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగమని పెద్దలు చెప్పేది ఇందుకే. వేడిలో కొంత భారం ఇంజను మోస్తుంది.

చివరిగా చక్రం బిగించి, బండి కదిలించకముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కుతాడు. ఇది మరిచిపోతే వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్లకు తగలవు. మొదటిసారి బ్రేకు తొక్కితే బండి ఆగదు! తర్వాత ఖాళీ చోట నెమ్మదిగా నడిపి, కొన్నిసార్లు మృదువుగా ఆపి, ప్యాడ్లకూ డిస్కుకూ పొందిక కుదిరిందో లేదో చూస్తాడు.

మరి మూడో ప్రశ్న ఏమైంది? రైలు బ్రేకులాగా పికప్పు ద్రవ బ్రేకు తనంతట తాను పడదు. ఆయిలు కారిపోతే పట్టు పోతుంది. అందుకని 1960ల నుంచి మాస్టర్ సిలిండరును రెండు గదులుగా చేసి, చక్రాలను రెండు జట్లుగా విడగొట్టడం మామూలైంది. ఒక జట్టు పోయినా మరొకటి ఆపుతుంది. పూర్తి జవాబు కాదు గాని, సగం బ్రేకు మిగలడం కూడా ఒక ప్రాణం మిగలడమే.

బండి ఎంత వేగంగా పోగలదో చెప్పే లెక్కలు అందరికీ గుర్తుంటాయి. అది ఎంత దూరంలో ఆగగలదో అడిగేవాళ్ళు తక్కువ. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో గాలి గొట్టాలు పరీక్షించే చేతులూ, పారిశ్రామికవాడ పక్కన ప్యాడ్లు మార్చే చేతులూ ఈ రెండో ప్రశ్నకే రోజూ జవాబు చెబుతున్నాయి. ఈసారి ఆగి ఉన్న పికప్పు కనిపిస్తే ముందు చక్రం సందులోంచి లోపలికి తొంగి చూడండి. మెరిసే పళ్ళెం కనిపిస్తుంది. అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన బండి అయితే మాత్రం ముట్టుకోకండి. ఆ ప్రయాణంలో తగ్గించిన వేగమంతా ఇంకా అక్కడే వేడిగా ఉంటుంది!